ఎల్క్ వేటకు నోస్లర్ పార్టిషన్ బుల్లెట్: ఒక సమీక్ష

నోస్లర్ కంపెనీ వారి పార్టిషన్ బుల్లెట్ 1948 నుంచి అమ్మకంలో ఉంది. దాని తర్వాత వచ్చిన బుల్లెట్లలో గాలిని దీనికంటే చక్కగా చీల్చుకుపోయేవి ఉన్నాయి, వంద గజాల దూరంలో కాగితం మీద దీనికంటే దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసేవి ఉన్నాయి, అసలు సీసమే లేనివీ ఉన్నాయి. అయినప్పటికీ .30-06 అనే రకం తూటా వాడే రైఫిల్‌తో, మూడు వందల గజాల లోపు, ఎల్క్ లాంటి పెద్ద జంతువును వేటాడే వ్యక్తి ఒకే ఒక్క బుల్లెట్‌ను ఎంచుకోవలసి వస్తే 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) పార్టిషన్‌నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. జంతువు మన ఎదుట ఎలా నిలబడుతుందో మన చేతిలో ఉండదు. కాబట్టి మనకు దొరకాలని కోరుకునే సులువైన అవకాశాన్ని బట్టి కాక, మనం ట్రిగ్గర్ నొక్కడానికి సిద్ధపడే అతి కష్టమైన అవకాశాన్ని బట్టి బుల్లెట్‌ను ఎంచుకోవాలి. ఈ సమీక్ష మొత్తం ఆ కొలమానం మీదనే రాస్తున్నాను.

ఇది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, లైసెన్సు తీసుకుని, నిర్ణీత కాలంలో జరిపే వేటకు సంబంధించిన విషయం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వినోదం కోసం వేటకు తావు లేదు. ఇక్కడ రాసేది ఏదీ అక్కడికి వర్తించదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ మాత్రమే కాదు, తూటాలు కూడా దగ్గర ఉంచుకోకూడదు. అయితే అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకముందే తూటాల పెట్టె కొని ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదకరమైన పని.

ఎల్క్ మన అడవుల్లోని కణుజుకు చుట్టమే. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది, ఆడది రెండు వందల కిలోలకు పైగా తూగుతుంది. దట్టమైన జుట్టు, మందపాటి చర్మం, దాని కింద బలమైన కండ, ఆ వెనుక జబ్బ ఎముక, పక్కటెముకలు, వాటి తర్వాత గానీ ఊపిరితిత్తులు రావు. పక్కకు తిరిగి నిలబడిన ఎల్క్‌కు ముందు కాలికి కాస్త వెనుకగా తగిలితే ఏ బుల్లెట్టయినా దాదాపు పని పూర్తి చేస్తుంది. అదే జంతువు ఏటవాలుగా మన వైపు తిరిగి ఉన్నప్పుడు బుల్లెట్ జబ్బ ఎముకను విరగ్గొట్టుకుంటూ రెండు ఊపిరితిత్తుల దాకా వెళ్లాలి; అటు వైపు తిరిగి ఉంటే పచ్చగడ్డితో తడిసి ముద్దగా నిండిన పొట్ట అంచును దాటుకుని ముందుకు చేరాలి. మామూలు బుల్లెట్లు ఓడిపోయేది ఈ రెండు చోట్లే. రెండు ఊపిరితిత్తులూ తెగితే జంతువు కొద్ది సెకన్లలో పడిపోతుంది, ఒక్కటే తెగితే కొండలు దాటి వెళ్లి ఎక్కడో నెమ్మదిగా చనిపోతుంది. ఆ రెంటి మధ్య తేడా ఎన్నోసార్లు ఐదారు అంగుళాల లోతు మాత్రమే.

వేట బుల్లెట్ నుంచి మనం కోరేవి ఒకదానికొకటి అడ్డుపడే రెండు గుణాలు. లోపలికి వెళ్లగానే ముందు భాగం విచ్చుకుని వెడల్పైన గాయం చేయాలి, అదే సమయంలో ముక్కలైపోకుండా లోతుకు దిగాలి. పూర్తిగా రాగి తొడుగు కప్పిన సైనిక బుల్లెట్ లోతుకు దిగుతుంది కాని సన్నని దారి చేసుకుని అవతలికి వెళ్లిపోతుంది. 1890లలో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ సైన్యం ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసం బయటికి కనిపించేలా చేసిన .303 బుల్లెట్లు ఈ సమస్యకు వచ్చిన జవాబుల్లో పేరుపడ్డవి. యుద్ధంలో అటువంటి వాటిని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. మనిషి విషయంలో క్రూరమైనదిగా తేలిన ఆ గుణమే జంతువు విషయంలో త్వరగా ప్రాణం పోయేలా చేస్తుంది కాబట్టి, కొలరాడో నియమాలు వేటగాడికి విచ్చుకునే బుల్లెట్‌నే తప్పనిసరి చేశాయి. ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం వ్యాసం) రైఫిల్, 85 గ్రెయిన్ల బుల్లెట్, వంద గజాల దగ్గర 1,000 అడుగు-పౌన్ల శక్తి ఉండాలని ఆ రాష్ట్ర నిబంధన. అది చట్టం ఒప్పుకునే కనీస స్థాయి మాత్రమే. అంత తక్కువతో ఎల్క్ మీదికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

సీసం బయటికి కనిపించే మెత్తని ముక్కు బుల్లెట్లతో వచ్చే చిక్కు వేగం. తక్కువ వేగంలో అవి బాగా పనిచేస్తాయి. శక్తిమంతమైన రైఫిల్ నుంచి దగ్గరలో ఉన్న పెద్ద జంతువుకు తగిలినప్పుడు మాత్రం ముందు భాగమే కాక మొత్తం బుల్లెట్ పగిలిపోయి, కండలోనే చెదిరిపోయే ప్రమాదం ఉంటుంది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ దుప్పి జాతి జంతువు వేటకు వెళ్లిన జాన్ నోస్లర్‌కు ఎదురైంది ఇదే. ఆయన చేతిలో ఉన్నది .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ అనే చురుకైన రైఫిల్. ఎదుట ఉన్నది ఒళ్లంతా బురద ఎండి అట్ట కట్టిన మూస్. బుల్లెట్లు లోపలికి దిగలేదు. తిరిగివచ్చాక ఆయన రాగి కడ్డీని రెండు వైపుల నుంచీ తొలిచి, మధ్యలో రాగి గోడ మిగిలేలా చేసి, ముందు గదిలోనూ వెనుక గదిలోనూ విడివిడిగా సీసం నింపారు. నిలువునా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో రాగి కనిపిస్తుంది. ఇలాంటి ఆలోచనతో జర్మనీలో హెచ్-మాంటెల్ అనే బుల్లెట్ అంతకు ముందే ఉన్నప్పటికీ, అమెరికా వేటగాళ్లలో నాణ్యమైన బుల్లెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం సబబే అన్న నమ్మకాన్ని కలిగించింది పార్టిషన్.

దాని పనితీరు ఈ నిర్మాణం నుంచే వస్తుంది. ముందు గదికి తొడుగు పలుచగా, సీసం మెత్తగా ఉండటం వల్ల తగిలిన వెంటనే అది విచ్చుకుని, ఇంకా ముందుకు పోతున్నకొద్దీ ముక్కలుగా రాలిపోతుంది. ఆ రాలడం మధ్య గోడ దగ్గర ఆగిపోతుంది. ఎముక తగిలినా, దూరం ముప్పై గజాలే అయినా, వెనుక గది చెక్కుచెదరకుండా అలాగే ముందుకు సాగుతుంది. నేను ఈ బుల్లెట్‌తో వేటాడిన ఒక ఆడ ఎల్క్ దాదాపు ఎనభై గజాల దూరంలో, ఆస్పెన్ చెట్ల మధ్య, ఏటవాలుగా నా వైపు తిరిగి నిలబడింది. బుల్లెట్ ఈ పక్క జబ్బ ఎముకను విరిచి, రెండు ఊపిరితిత్తులనూ దాటి, ఆ పక్కన వెనుక పక్కటెముకల మీద చర్మం కింద ఆగింది. చర్మం ఒలుస్తుండగా వేలికి గట్టిగా బఠాణీ గింజంత ఉబ్బు తగిలింది. కోసి తీస్తే, ముందు గదిలో సీసం పూర్తిగా పోయి, రాగి రేకులు వెనక్కు మడుచుకుని వెనుక గదికి అంటుకుపోయి ఉన్నాయి. మధ్య గోడకు సరిగ్గా వెనుక చుట్టూ కొంచెం ఉబ్బింది. అడుగు భాగం మాత్రం పెట్టెలోంచి ఇప్పుడే తీసినంత గుండ్రంగా ఉంది. తూచితే 121 గ్రెయిన్లు. అంటే మూడింట రెండు వంతుల బరువు మిగిలింది. ఈ తరహా బుల్లెట్‌కు అది ఆశించదగిన లెక్కే.

మూడింట ఒక వంతు బరువు పోవడాన్ని లోపంగా ఎంచేవారు చాలామంది ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. రాలిపోయే ఆ ముందు సీసమే ఊపిరితిత్తుల్లో వెడల్పైన గాయం చేస్తుంది, మిగిలిన వెనుక భాగం వెడల్పు తగ్గినందువల్లే లోతుకు వెళ్లగలుగుతుంది. బరువంతా నిలుపుకుని పెద్ద గొడుగులా విచ్చుకున్న బుల్లెట్‌కు ఎదురయ్యే ఒత్తిడి కూడా ఎక్కువే కాబట్టి, మిగిలిన బరువు ఎంత శాతం అన్న ఒక్క అంకెతో బుల్లెట్ గుణాన్ని నిర్ణయించడం సరికాదు.

ఇక దూరం సంగతి. 180 గ్రెయిన్లంటే పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ. .30-06 నుంచి ఇది సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. రెండు వందల గజాలకు స్కోపును సరిచేసి పెట్టుకుంటే, మూడు వందల గజాల దగ్గర సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు కిందికి దిగుతుంది, అప్పటికి వేగం 2,150 అడుగుల చుట్టూ, శక్తి 1,850 అడుగు-పౌన్ల చుట్టూ ఉంటాయి. పార్టిషన్ సరిగా విచ్చుకోవడానికి కనీసం 1,800 అడుగుల వేగం కావాలని తయారీదారులు చెబుతారు. ఆ లెక్కన నాలుగు వందల గజాల దాకా బుల్లెట్‌కు ఇబ్బంది లేదు. అయితే కొండగాలిలో, ఎగశ్వాసతో, మోకాలి మీద ఆనించిన రైఫిల్‌తో అంత దూరం కొట్టగలిగిన చేతులు చాలా తక్కువ. నా వరకు మూడు వందల గజాలే హద్దు, అది బుల్లెట్ వల్ల కాదు.

ఈ విషయం ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఈ రోజుల్లో దుకాణాల్లో బుల్లెట్ అమ్మేది బాలిస్టిక్ కోఎఫిషెంట్ అనే అంకె పేరు మీద. గాలి నిరోధాన్ని ఎంత బాగా తట్టుకుంటుందో తెలిపే కొలత అది; పార్టిషన్‌కు 0.474, హోర్నడీ కంపెనీ వారి 178 గ్రెయిన్ల ఇ.ఎల్.డి-ఎక్స్ అనే బుల్లెట్‌కు 0.552. నేను తరచుగా వెళ్లే ఒక దుకాణంలో కౌంటర్ దగ్గరి మనిషి ఎల్క్ వేటకు అని చెప్పిన ప్రతి ఒక్కరికీ ఈ రెండు అంకెలు చూపించి రెండోదే చేతిలో పెడతాడు, వాళ్లు ఎంత దూరంలో కొట్టబోతున్నారో, ఏ రైఫిల్‌తో కొట్టబోతున్నారో ఒక్కసారి కూడా అడగడు. మూడు వందల గజాల లోపు ఆ తేడా వల్ల కలిగే ప్రయోజనం ఒకటి రెండు అంగుళాలకు మించదు. దానికి బదులుగా, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి రైఫిల్‌తో నలభై గజాల దగ్గర జబ్బ ఎముకకు తగిలినప్పుడు, దూరంలో తేలిగ్గా విచ్చుకునేలా మెత్తగా చేసిన బుల్లెట్ ఎక్కువగా చెదిరిపోయే ప్రమాదాన్ని కొనుక్కుంటున్నాం. ఇ.ఎల్.డి-ఎక్స్ చెడ్డ బుల్లెట్ కాదు. విశాలమైన మైదానాల్లో జింకలకు, ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువులకు అది చక్కని ఎంపిక. దేవదారు చెట్ల చీకట్లో ఎల్క్ కోసం నడిచేవారికి మాత్రం కాదు.

పార్టిషన్‌లో నిజమైన లోపాలూ ఉన్నాయి. మొదటిది గురి. నా రైఫిల్‌లో వంద గజాల దగ్గర మూడు తూటాలు ఒకటిన్నర అంగుళం పరిధిలో పడతాయి. అదే రైఫిల్ నోస్లర్ వారి అక్యూబాండ్ అనే మరో బుల్లెట్‌తో అంగుళం లోపే వేస్తుంది. ఎల్క్ ఊపిరితిత్తుల పరిమాణానికి ఈ తేడా పట్టించుకోవలసినది కాదు, కానీ కాగితం మీది గుంపు చూసి మనసు స్థిమితపడేవారికి నిరాశ తప్పదు. రెండోది, బయటికి కనిపించే సీసపు ముక్కు. మ్యాగజైన్‌లో అడుగున ఉన్న తూటాలు పైవాటిని కాల్చినప్పుడల్లా మ్యాగజైన్ ముందు గోడకు గుద్దుకుని ముక్కు మొద్దుబారుతాయి. దగ్గరి దూరంలో దీనివల్ల ఏమీ కాదు గాని చూడటానికి బాగుండదు. మూడోది ధర. రెమింగ్టన్ కోర్-లోక్ట్ లాంటి పాతకాలపు మామూలు తూటాల పెట్టెకు పెట్టే దానికి దాదాపు రెట్టింపు పెట్టాలి. నా దృష్టిలో ఇది పెద్ద భారం కాదు. వేట కాలం మొత్తం మీద జంతువుపై కాల్చేది ఒకటో రెండో, సాధనకు చవకైన తూటాలు వాడుకోవచ్చు.

నాలుగో లోపాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేను. ముందు గదిలోంచి రాలిన సీసం సన్నని రవ్వలుగా గాయం చుట్టూ ఉన్న మాంసంలో చేరుతుంది, కంటికి కనిపించనివి గాయానికి చాలా దూరం దాకా పోతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచే జింక కైమాలో ఎక్స్‌రే పరీక్షలో సీసపు రవ్వలు కనిపించడంతో, ఆ మాంసాన్ని పంచవద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. అడవిలో వదిలేసిన పేగుల్ని తిన్న గద్దలు, కాండోర్ రాబందులు సీసపు విషంతో చనిపోవడం వల్లే కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి అన్ని రకాల వేటలోనూ సీసాన్ని నిషేధించింది. మా ఇంట్లో ఎల్క్ మాంసం ఏడాది పొడవునా ఉంటుంది. అందుకని గాయం చుట్టూ ఒక జానెడు మేర మాంసాన్ని, రక్తం గడ్డకట్టిన చోటంతటినీ కోసి పక్కన పెట్టేస్తాను, ఆ ముక్కల్ని కైమాలోకి అసలు రానివ్వను. చిన్నపిల్లలున్న ఇళ్లవారు, గర్భిణులున్న ఇళ్లవారు ఈ జాగ్రత్తతో కూడా సరిపెట్టుకోకుండా పూర్తి రాగి బుల్లెట్‌కు మారిపోవడం మేలు. ఈ ఒక్క విషయంలో పార్టిషన్‌ను సమర్థించే మాట నా దగ్గర లేదు.

రాగి బుల్లెట్లలో నేను వాడి చూసినది బార్న్స్ వారి టి.టి.ఎస్.ఎక్స్. ఆ కంపెనీ 1989లో తెచ్చిన ఎక్స్ బుల్లెట్‌కు ఇది సంతతి. ముక్కున నీలం రంగు ప్లాస్టిక్ మొన, దాని కింద బోలు, ఒంటి చుట్టూ గాడులు ఉంటాయి. తగిలినప్పుడు నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పూర్తిగా నిలుస్తుంది, చాలాసార్లు అవతలికి వెళ్లిపోతుంది కాబట్టి రక్తపు జాడ వెతకడం సులువవుతుంది. అయితే రాగి సీసం కంటే తేలిక, అందువల్ల అదే బరువు రాగి బుల్లెట్ పొడవుగా ఉండి తూటాలో మందు పోయవలసిన చోటు ఆక్రమిస్తుంది. .30-06 కు 180 బదులు 168 గ్రెయిన్లది తీసుకుంటే వేగమూ పెరుగుతుంది, లోతులో తగ్గుదల ఉండదు. వేగం తగ్గినకొద్దీ ఇది సీసపు బుల్లెట్ అంత ధారాళంగా విచ్చుకోదు. ఎముక తగలకుండా ఊపిరితిత్తుల్లోంచే పోయినప్పుడు జంతువు పార్టిషన్ తగిలిన దానికంటే ఎక్కువ దూరం పరిగెత్తి పడుతుందని నాకు అనిపించింది. అందుకని దీనితో కాస్త ముందుకు, జబ్బ ఎముక తగిలేలా గురిపెట్టడం నాకు అలవాటైంది. సీసం వద్దనుకునేవారికి ఇదే నా సిఫారసు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. అక్యూబాండ్‌లో సీసాన్ని తొడుగుకు అతికించి ఉంచుతారు. గురిలో, గాలిలో పార్టిషన్ కంటే మెరుగు, ఎముక దగ్గర కొంచెం తక్కువ నమ్మకం. పార్టిషన్ మీద మనసు నిలవనివారికి ఇది మంచి ప్రత్యామ్నాయం. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్‌లో మధ్య గోడ ఉంది, ముందు సీసం తొడుగుకు అతుక్కుని ఉంది, తొంభై శాతానికి పైగా బరువు నిలుస్తుంది. గోధుమ ఎలుగుబంట్లు, ఆఫ్రికా దున్నల మీదికి వెళ్లేవారు దానికి పెట్టే డబ్బు సార్థకమే గాని ఎల్క్‌కు అంత గట్టిదనం అవసరం లేదు. కోర్-లోక్ట్ 1939 నుంచి ఉన్నది. పక్కకు నిలబడిన జంతువు కోసమే ఆగగల ఓపిక ఉన్నవారికి, .30-06 వేగాల్లో, 180 గ్రెయిన్లలో అదీ చాలు.

కొనేటప్పుడు బరువును రైఫిల్‌ను బట్టి చూసుకోవాలి. .270 విన్‌చెస్టర్ ఉన్నవారు 150 గ్రెయిన్ల పార్టిషన్, ఏడు మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్ ఉన్నవారు 160, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ ఉన్నవారు 180 లేదా 200 తీసుకోవడం మంచిది. 6.5 క్రీడ్‌మూర్‌తో ఎల్క్‌కు వెళ్లేవారు 140 తీసుకుని, రెండు వందల యాభై గజాలు దాటి కాల్చకుండా ఉండటం మంచిది. పెట్టెలో ఇరవై తూటాలే ఉంటాయి కాబట్టి ఒకేసారి రెండు పెట్టెలు, రెండింటి మీదా ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవని తెలిపే గుర్తు) ఉండేలా చూసి కొనండి; లాట్ మారితే తూటా పడే చోటు మారవచ్చు. మొదటి పెట్టెతో సెప్టెంబరులోనే స్కోపు సరిచేసుకుని, చివరి మూడు తూటాలు చల్లని బారెల్‌తో, ఒక్కొక్కటి వేరువేరు రోజుల్లో కాల్చి, అవి పడిన చోటు రాసిపెట్టుకోండి. కొండలోకి తీసుకెళ్లవలసినది రెండో పెట్టె.